పనసపండుతో సంబంధం లేని విలియం జాక్ కథ

పనసపండుని ఇంగ్లీషులో జాక్‌ఫ్రూట్ అని ఎందుకంటారు? నెట్‌లో వెతికితే అక్కడక్కడా ఒక జవాబు తగులుతుంది. విలియం జాక్ అనే స్కాట్లండ్ డాక్టరు ఒకాయన సుమాత్రా, మలయా ప్రాంతాల్లో మొక్కల మీద పని చేసాడు, ఆయన పేరే పండుకి పెట్టారు అని. వినడానికి బావుంది గానీ శుద్ధ తప్పు. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఒర్తా పుస్తకంలోనే "జాకా" అన్న మాట ఉంది. మలయాళీల "చక్క" పోర్చుగీసు వాళ్ళ నోట్లో పడి జాకా అయింది, ఇంగ్లీషు వాళ్ళ దగ్గరికొచ్చేసరికి జాక్ అయింది. మన విలియం జాక్ పుట్టింది 1795లో. అంటే పండు పేరు ఈయన కన్నా 232 ఏళ్ళు పెద్దది.

ఈ తప్పుడు సమాచారం వల్ల జరిగిన మంచి ఏంటంటే, అసలు ఈ జాక్ ఎవరా అని చదవడం మొదలెట్టాను. పనసపండు కన్నా అతని కథే బావుంది. సరిగ్గా చెప్పాలంటే బావుంది అనకూడదు, బాధగా ఉంది. 27 ఏళ్ళ 7 నెలల జీవితం, అందులో గట్టిగా పని చేసింది నాలుగేళ్ళు, ఆ నాలుగేళ్ళ పనిలో పెద్ద భాగం అతను పోయిన ఏడాదిన్నరకి నడిసముద్రంలో కాలి బూడిదైంది. అయినా ఇవాళ ఏ వృక్షశాస్త్ర గ్రంథం తీసినా మొక్కల పేర్ల చివర "జాక్" అని కనిపిస్తూనే ఉంటుంది. ఇది ఎలా సాధ్యమైంది అన్నదే నాకు ఆసక్తి కలిగించిన సంగతి. బ్యాకప్‌లూ, రిలీజులూ అంటూ రోజూ కొట్టుకునే మనలాంటి వాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది.

జాక్ 1795 జనవరి 29న ఆబర్డీన్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి కింగ్స్ కాలేజీలో ప్రొఫెసరు, తర్వాత ప్రిన్సిపాలు. పిల్లాడు 16 ఏళ్ళకే ఎం.ఏ. పూర్తి చేసాడు. వైద్యం చదవడానికి ఎడింబరో వెళ్ళాల్సింది కానీ స్కార్లెట్ ఫీవర్ వచ్చి కుదర్లేదు. 1811లో లండన్ వెళ్ళి చదివి, 18 ఏళ్ళకి సర్జన్ల పరీక్ష పాసయ్యాడు. 1813లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్ వైద్య విభాగంలో ఉద్యోగం దొరికి ఓడెక్కాడు. మన పిల్లలు ఎంట్రన్స్ కోచింగులో తలమునకలై ఉండే వయసు అది.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. డాక్టరుకి మొక్కలతో ఏం పని? అప్పట్లో మందంటే దాదాపు మొక్కే. వేరు, బెరడు, ఆకు, గింజ... వీటిని గుర్తుపట్టడం రాకపోతే డాక్టరు కాలేడు. అందుకే వైద్యవిద్యలో వృక్షశాస్త్రం ఒక సబ్జెక్టు. పైగా కంపెనీకి మిరియాలు, నీలిమందు, జాజికాయ అన్నీ డబ్బే. కాబట్టి కంపెనీ సర్జన్లలో చాలామంది సగం వైద్యులు, సగం వృక్షశాస్త్రజ్ఞులు. మనకి బాగా దగ్గరి ఉదాహరణ విలియం రాక్స్‌బరో. అతనూ మద్రాసు వైపు కంపెనీ సర్జనే. కాకినాడ పక్కన సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మొక్కలు పెంచాడు, బొమ్మలు వేయించాడు, తన పుస్తకాల్లో మొక్కల తెలుగు పేర్లు కూడా ఎక్కించాడు. తర్వాత కలకత్తా బొటానికల్ గార్డెన్ అధిపతి అయ్యాడు. జాక్ ఇండియాకి బయల్దేరిన 1813లోనే రాక్స్‌బరో ఒంట్లో బాగోక కలకత్తా వదిలి వెళ్ళిపోయాడు, 1815లో ఎడింబరోలో పోయాడు. ఆయన వదిలి వెళ్ళిన "ఫ్లోరా ఇండికా" రాతప్రతిని శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ, తోట కొత్త అధిపతి నథానియెల్ వాలిచ్ అచ్చు వెయ్యడం మొదలుపెట్టారు. ఈ వాలిచ్‌ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాడు.

జాక్ మొదటి ఏళ్ళు సైన్యంతోనే గడిచాయి. 1814-15 నేపాల్ యుద్ధంలో సర్జన్‌గా ఉన్నాడు, తర్వాత ఉత్తరాన ఇంకొన్ని చోట్ల. ఊపిరితిత్తులు అప్పటికే సరిగ్గా లేవు. 1818లో ఆరోగ్యం కోసం కలకత్తా వచ్చి వాలిచ్ ఇంట్లో మకాం పెట్టాడు. పగలంతా తోట, సాయంత్రం మొక్కల గురించి కబుర్లు. జాక్ జీవితంలో ఇంతకన్నా హాయైన రోజులు లేవని నా అభిప్రాయం. సరిగ్గా అప్పుడే స్టామ్‌ఫర్డ్ రాఫిల్స్ కలకత్తాలో దిగాడు.

రాఫిల్స్ అంటే సింగపూర్ వెళ్ళొచ్చిన వాళ్ళందరికీ తెలిసిన పేరే. హోటలు, ఆస్పత్రి, మెట్రో స్టేషను అన్నీ ఆయన పేరు మీదే. అప్పటికి ఆయన సుమాత్రాలో బెంకూలెన్ అనే కంపెనీ స్థావరానికి గవర్నరు (ఇప్పటి ఇండోనేషియాలో బెంగ్కులు). మనిషికి జంతువులూ మొక్కలూ అంటే పిచ్చి. ఆయన దగ్గర జోసెఫ్ ఆర్నాల్డ్ అని ఒక డాక్టరు-ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1818 మే నెలలో మన్నా నది దగ్గర అడవిలో వెళ్తుంటే ఒక మలయా పనివాడు పరిగెత్తుకుంటూ వచ్చి, దొరా ఒక పేద్ద పువ్వు, వచ్చి చూడండి అని పిలిచాడు. వెళ్ళి చూస్తే గజం వెడల్పు, 15 పౌన్ల బరువున్న పువ్వు. ఆకు లేదు, కాండం లేదు, ఒక తీగ వేరు మీద ఉత్త పువ్వు. ఇంటర్‌లో బైపీసీ చదివిన వాళ్ళు పరాన్నజీవి మొక్క అనగానే ఠక్కున చెప్పే రఫ్లీషియా అదే. మూడు నెలలు తిరక్కుండానే, జులై 26న ఆర్నాల్డ్ పడాంగ్‌లో జ్వరంతో పోయాడు. పువ్వు పేరులో రాఫిల్స్ ఉన్నాడు, ఆర్నాల్డ్ ఉన్నాడు. పిలుచుకొచ్చిన పనివాడి పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

అలా ఖాళీ అయిన ఉద్యోగమే జాక్‌కి దొరికింది. 23 ఏళ్ళ కుర్రాడు, రాఫిల్స్ కుటుంబానికి డాక్టరు, గవర్నరు గారికి మొక్కల మనిషి. 1818 డిసెంబర్‌లో అందరూ కలిసి పినాంగ్‌కి ఓడెక్కారు. 1819లో సింగపూర్. ఊరింకా ఊరు కాలేదు, అడవి నరుకుతున్నారు. జాక్ ఆ అడవిలో కూజా మొక్కలు చూసి ముగ్ధుడైపోయాడు. అవేనండీ, ఆకు చివర మూతతో సహా కూజా తయారుచేసుకుని పురుగుల్ని పట్టి అరిగించుకునే నెపెంథిస్. వాటిల్లో ఒకదానికి రాఫిల్స్ పేరే పెట్టాడు. బాసుని మంచి చేసుకోవడం ఇవాళ కొత్తగా వచ్చిన విద్యేం కాదు!

అక్కణ్ణించి బెంకూలెన్. మిరియాల వ్యాపారం కోసం కంపెనీ పట్టుకు వేళ్ళాడిన స్థావరం. లాభం తక్కువ, జ్వరాలు ఎక్కువ. మొక్కల మనిషికి మాత్రం స్వర్గం. జాక్ అక్కడ తీరికగా కూర్చున్నదే లేదు. నియాస్ దీవికి రాయబారానికి వెళ్ళాడు. సుమాత్రా భూగర్భం మీద వ్యాసం రాసి లండన్ జియలాజికల్ సొసైటీకి పంపాడు. 1821లో గునుంగ్ బెంకో కొండెక్కాడు. ఎక్కడికెళ్ళినా మొక్క తెంపడం, ఎండబెట్టడం, అది పచ్చిగా ఉండగానే వర్ణన రాయడం.

ఈ చివరిది ముఖ్యం. యూరప్‌లో పెద్ద పేరున్న శాస్త్రజ్ఞులు చాలామంది ఎండిపోయి అట్టకి అతికించిన మొక్కని చూసి రాసేవాళ్ళు. ఎండిన పువ్వుకి రంగుండదు, వాసనుండదు, లోపలి భాగాలు అణిగిపోతాయి. జాక్ బతికున్న మొక్కని ముందు పెట్టుకుని, ఒక్కో భాగం విప్పి చూస్తూ రాసాడు. ఆ వర్ణనల విలువ ఎంతో వందేళ్ళ తర్వాత గానీ పూర్తిగా తెలియలేదు.

ఇప్పుడు అసలు విషయం. బెంకూలెన్‌లో ఒక చిన్న అచ్చు యంత్రం ఉండేది. శ్రీరాంపూర్ నించి వచ్చిన బాప్టిస్టు మిషనరీ నథానియెల్ వార్డ్ తెచ్చిపెట్టింది. దాని మీద రాఫిల్స్ "మలయన్ మిసెలనీస్" అని ఒక సంకలనం వేయించాడు, 1820లో ఒకటి, 1822లో ఒకటి. పేరుకి తగ్గట్టే కలగూరగంప. జాక్ తన మొక్కల వర్ణనలు పెద్ద గ్రంథం అయ్యేదాకా దాచుకోకుండా, తయారైనవి తయారైనట్టు అందులో అచ్చేయించేసాడు. బొమ్మల్లేవు, మంచి కాగితం లేదు, యూరప్‌లో దాని పేరు విన్నవాడు లేడు.

ఎందుకంత తొందర? వినయమూ కాదు, జ్ఞానం అందరికీ పంచాలన్న ఉదారబుద్ధీ కాదు. ఫ్రెంచి వాళ్ళ భయం. రాఫిల్స్ తన దగ్గర డియార్, దువొసెల్ అని ఇద్దరు ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుల్ని పెట్టుకున్నాడు. వాళ్ళు సేకరించినవి పారిస్‌కి పంపుతారేమోనని గొడవై, 1820లో ఒప్పందం రద్దు చేసి సేకరణ మొత్తం లాక్కున్నాడు. వెంటనే లండన్ లినియన్ సొసైటీకి జంతువుల జాబితా ఒకటి రాసి పంపాడు. రచయితగా రాఫిల్స్ పేరే ఉంటుంది కానీ దాని వెనక జాక్ చెయ్యి చాలానే ఉంది. ఎవరు ముందు అచ్చేస్తే పేరు వాళ్ళది. ఇది నిర్దాక్షిణ్యమైన రూలు, ఇప్పటికీ అదే.

ఈ రూలుకి జాక్ స్వయంగా ఒకసారి బలయ్యాడు కూడా. ఆర్నాల్డ్ పెద్దపువ్వుకి జాక్ "రఫ్లీషియా టైటన్" అని పేరు పెట్టి మిసెలనీస్‌లో వేసాడు. ఈలోపు లండన్‌లో రాబర్ట్ బ్రౌన్ (మన ఫిజిక్సులో బ్రౌనియన్ మోషన్ బ్రౌనే) అదే పువ్వు మీద 1820 జూన్‌లో ప్రసంగం చేసి, 1821లో అద్భుతమైన బొమ్మలతో వ్యాసం వేసాడు. ఇవాళ నిలిచింది రఫ్లీషియా ఆర్నాల్డీ. నన్నడిగితే న్యాయమే జరిగింది, చూసి చచ్చిపోయినవాడి పేరైనా మిగిలింది. అన్నట్టు వీళ్ళందరికన్నా ముందే, 1797లో జావాలో దేషాం అనే ఫ్రెంచి డాక్టరు ఇదే కుటుంబం పువ్వుని చూసి రాసుకున్నాడు. ఇంటికి వెళ్తుంటే బ్రిటిష్ వాళ్ళు ఓడని పట్టుకుని కాగితాలన్నీ లాగేసుకున్నారు. కాబట్టి ఫ్రెంచి వాళ్ళు కొట్టేస్తారన్న భయం ఎవరికి ఉండాలో మీరే చెప్పండి.

1821 నించి బెంకూలెన్‌లో చావులు మొదలయ్యాయి. రాఫిల్స్ పెద్ద కొడుకు లియోపోల్డ్ జులైలో పోయాడు. 1822 జనవరి 3న రెండో కొడుకు, 14న పెద్ద కూతురు. ఆరున్నర నెలల్లో ముగ్గురు పిల్లలు. ఆ ఇంటి డాక్టరు జాక్. అప్పటి వైద్యానికి ఆ జబ్బుల ముందు చెయ్యగలిగిందేమీ లేదు. సింకోనా బెరడు నించి క్వినైన్‌ని విడదీసిందే 1820లో. మలేరియాని దోమలు మోస్తాయని మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ కనిపెట్టేసరికి 1897 అయింది.

జాక్‌కి ఒకవైపు క్షయ, ఇంకోవైపు జ్వరం. గాలిమార్పుకని జావా వెళ్ళాడు, గుణం కనిపించలేదు, వెనక్కి వచ్చాడు. ఆఖరి ప్రయత్నంగా గుడ్‌హోప్ అగ్రానికి వెళ్ళే లేటన్ అనే ఓడ ఎక్కించారు. ఎక్కించిన మర్నాడే, 1822 సెప్టెంబర్ 15న, బెంకూలెన్ తీరంలోనే పోయాడు. పుస్తకాలు, రాతప్రతులు, ఎండబెట్టిన మొక్కలు, బొమ్మలు అన్నీ రాఫిల్స్ దగ్గర ఉండిపోయాయి.

1824 ఫిబ్రవరి 2న రాఫిల్స్ దంపతులు ఇంగ్లండ్‌కి బయల్దేరారు. ఓడ పేరు ఫేమ్. 122 పెట్టెల సామాను. అందులో సుమాత్రా మీద రాసుకున్న నోట్సు, పటాలు, నిఘంటువు, రెండు వేలకి పైగా ప్రకృతి చిత్రాలు. డెక్ మీద బతికున్న టేపిర్, పులి, పక్షులు. ఆర్నాల్డ్ కాగితాలు, జాక్ కాగితాలు కూడా దాన్లోనే. అన్నీ ఒకే ఓడ మీద! ప్రొడక్షన్ సర్వరూ బ్యాకప్పూ ఒకే గదిలో పెట్టినవాణ్ణి చూసినట్టు అనిపించింది నాకు చదువుతుంటే. కానీ ఆయన పరిస్థితిలో ఇంకేం చేస్తాడు? ఓడ దొరకడమే గగనం.

ఆ సాయంత్రమే, తీరానికి 50 మైళ్ళ దూరంలో, స్టూవర్డు పీపాలోంచి బ్రాందీ పట్టడానికి మంట కప్పని దీపం తీసుకుని సరుకుల గదిలోకి వెళ్ళాడు. బ్రాందీ అంటుకుంది. సరుకుల్లో సురేకారం కూడా ఉంది, ఇక చెప్పేదేముంది. మనుషులందరూ రెండు పడవల్లోకి దూకి బతికారు, మర్నాడు మధ్యాహ్నానికి తీరం చేరారు. పడవల్లోంచి వెనక్కి చూస్తే సముద్రం మీద అర్ధరాత్రి దాకా మంట కనిపిస్తూనే ఉందిట.

రాఫిల్స్ మొండివాడు. ఒడ్డుకి చేరిన మర్నాడే సుమాత్రా పటం మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు, జంతువుల కోసం మళ్ళీ అడవికి మనుషుల్ని పంపాడు. ఏప్రిల్‌లో ఇంకో ఓడలో వెళ్ళేసరికి కొంత తిరిగి పోగేసాడు. ఎందుకంటే ఆ పటం ఆయన బుర్రలో ఉంది. జాక్ బుర్ర ఏడాదిన్నర కిందటే మట్టిలో కలిసింది. ఏ మొక్క ఏ వాగు పక్కన దొరికిందో, ఏ వర్ణన ఇంకా సగంలో ఉందో చెప్పగలిగిన మనిషి లేడు. జాక్‌తో పాటు అడవులు తిరిగి మొక్కలు తెచ్చిన స్థానికులు చెప్పగలిగేవాళ్ళేమో. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు కదా, ఎవర్ని అడుగుతారు?

మరి మిగిలిందేంటి? బెంకూలెన్ అచ్చుయంత్రం మీద వేసిన ఆ ముతక కాగితాలు. ముందే లండన్‌కి పంపిన వ్యాసాలు - అవి 1823లో లినియన్ సొసైటీ సంపుటంలో, మనిషి పోయాక వెలువడ్డాయి. చీమలు కాపురముండే దుంపమొక్కలకి మిర్మెకోడియా, హిడ్నోఫైటమ్ అన్న పేర్లు వాటిల్లోనే అచ్చయ్యాయి. కలకత్తాలో వాలిచ్ జాగ్రత్తగా దాచిన ఉత్తరాలు. వాలిచ్ ఫ్లోరా ఇండికాలో రాక్స్‌బరో రాతల మధ్య చేర్చిన జాక్ వర్ణనలు. అంటే సామర్లకోటలో మొదలైన పని ఉన్న పుస్తకంలోనే బెంకూలెన్ పనీ చోటు చేసుకుందన్నమాట. వీటికి తోడు అక్కడా ఇక్కడా స్నేహితులకి పంపగా మిగిలిన కొద్దిపాటి ఎండుమొక్కలు.

మిసెలనీస్ ప్రతులు కూడా ఎన్నోలేవు. కొన్నాళ్ళకి అదీ మాయమైపోయేదే. 1835-36లో విలియం హుకర్ తన పత్రికలో జాక్ ఉత్తరాలు, వర్ణనలు మళ్ళీ అచ్చేసాడు. రఫ్లీషియానా కూజా మొక్క వర్ణన అప్పుడే వెలుగు చూసింది, జాక్ పోయిన 13 ఏళ్ళకి. 1843లో కలకత్తా జర్నల్ ఆఫ్ నేచురల్ హిస్టరీలో విలియం గ్రిఫిత్ ఇంకోసారి అచ్చేసాడు. ఈ గ్రిఫిత్ మద్రాసు వైద్య విభాగం వాడు, జాక్ లాగే డాక్టరు, జాక్ లాగే అడవుల మనిషి. ఆయనా 1845 ఫిబ్రవరిలో మలక్కాలో పోయాడు, 34 ఏళ్ళకి. వాలిచ్‌కి జాక్ రాసిన ఉత్తరాలు 1916లో బర్కిల్ ప్రచురించాడు.

మొక్క శాస్త్రీయ నామం పక్కన దాన్ని వర్ణించినవాడి పేరు రాస్తారు. గిట్‌లో ఈ లైను ఎవడు రాసాడని చూస్తే పేరొస్తుందే, అచ్చం అలా. సప్లిమెంట్లలోనూ కాఫీ పొడుల్లోనూ కలిపి అమ్మే "టొంకాట్ అలీ" సీసా మీద యూరికోమా లాంగిఫోలియా అని ఉంటుంది, దాని పక్కన రాయాల్సిన పేరు జాక్. ఇంకా దగ్గరగా కావాలంటే మీ అపార్ట్‌మెంటు కాంపౌండు గోడ పక్కన చూడండి. తెల్లపూలతో, రాత్రిపూట ఘుమఘుమలాడుతూ, కత్తిరించి కంచెలా పెంచే మొక్క. నర్సరీ వాళ్ళు కామిని అంటారు, తెలుగులో నాగగొలుగు. కరివేపాకుకి దగ్గరి చుట్టం. లినేయస్ దాన్ని వేరే ప్రజాతిలో పెడితే, 1820లో మిసెలనీస్‌లో జాక్ తీసుకొచ్చి మురాయా ప్రజాతిలో కలిపాడు. మురాయా అన్న పేరు పెట్టిన కోనిగ్ అనే డాక్టరు 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయాడు, ఆఖర్న వైద్యం చేసింది రాక్స్‌బరోనే. ఆ కంచెమొక్క పూర్తి పేరు మురాయా పానిక్యులేటా, బ్రాకెట్లో లినేయస్, బ్రాకెట్ బయట జాక్.

1952లో మెరిల్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు జాక్ పెట్టిన పేర్లన్నీ పట్టుకుని ఒక్కోటీ ఏ మొక్కో తేల్చే పని పెట్టుకున్నాడు. మామూలుగా అయితే అసలు నమూనా తీసి చూస్తే సరిపోతుంది. ఇక్కడ నమూనాలు చాలావరకు సముద్రం పాలయ్యాయి కాబట్టి ఉత్త వర్ణన చదివి అడవిలో ఉన్న మొక్కతో పోల్చుకోవాలి. పచ్చిమొక్క ముందు పెట్టుకుని రాసినవి కాబట్టి ఎక్కువ వాటికి జవాబు దొరికింది. కొన్ని పేర్లు మాత్రం ఏ మొక్కవో ఖాయంగా తేలలేదు. వర్ణన ఉంది, పేరుంది, అది ఏ మొక్క అన్నది ఫేమ్‌లో ఉన్న పెట్టెలు తెరిచి చూస్తే గానీ తెలియదు.